కాలేజీకి గ్రీన్ కరెంటు కొనమంటున్నారు: సర్టిఫికెట్లా, డాబా సోలారా, ఓపెన్ యాక్సెసా?

గోదారిగట్టు72
భీమవరం దగ్గర ఒక ట్రస్టు కాలేజీ, రెండు హాస్టళ్ళ కరెంటు వ్యవహారాలు నేను చూస్తాను. 11 కేవీ సర్వీసు, కాంట్రాక్ట్ డిమాండ్ 300 కేవీఏ, నెలకు అటూ ఇటుగా 55 వేల యూనిట్లు కాలుతుంది. ఇకనుంచి మన బిల్డింగులకు వాడే కరెంటంతా పునరుత్పాదకమే కావాలని మేనేజ్‌మెంటు తీర్మానం చేసింది. మంచి మాటే, నాకూ ఇష్టమే. ఎలా కొనాలన్నది మాత్రం నా నెత్తిన పెట్టారు.

పోయిన వారం ఒక ఏజెంటు వచ్చాడు. ఎక్కడో సోలార్, విండ్ లాంటి కరెంటు తయారైందని చెప్పే సర్టిఫికెట్లు (ఆర్‌ఈసీలు) ఏడాదికి 660 కొనండి, 2 లక్షల 30 వేలతో క్యాంపస్ నూటికి నూరు శాతం గ్రీన్ అయిపోతుంది అన్నాడు. మీటర్ మార్చక్కర్లేదు, ఒక్క తీగ కదపక్కర్లేదు. గేటు దగ్గర తగిలించుకోవడానికి బోర్డు కూడా వాళ్ళే ఇస్తారట. అక్కడే నాకు అనుమానం మొదలైంది. రాత్రి ఎనిమిదింటికి హాస్టల్లో 420 మంది పిల్లల మీద ఫ్యాన్లు తిరిగేది అదే బొగ్గు కరెంటుతో కదా? మేం కట్టే డబ్బుకి ఎక్కడో ఒకచోట బొగ్గు నిజంగా తగ్గాలి. అది ఏ దారిలో జరుగుతుందో తెలిసినవాళ్ళు చెప్పండి.

సోలార్_మేస్త్రి
డాబాలు ఎన్ని, ఖాళీ ఎంత, ట్యాంకులు ఏ పక్కనున్నాయి? అది తెలియకుండా ఎవరేం చెప్పినా గాల్లో మాటే.

లెక్కల_టీచరమ్మ
ముందు ఏజెంటు లెక్క చూద్దాం. నెలకు 55 వేలంటే ఏడాదికి 6 లక్షల 60 వేల యూనిట్లు. ఒక ఆర్‌ఈసీ సర్టిఫికెట్ అంటే వెయ్యి యూనిట్లు, అంటే ఒక మెగావాట్ అవర్. కాబట్టి 660 సరిపోయింది. మన దేశం గ్రిడ్‌లో సగటున యూనిట్‌కి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. ఆ లెక్కన మీ క్యాంపస్ వాటా ఏడాదికి 460 టన్నుల పైమాటే. ఆయన కూడికలో తప్పు లేదు. ఆ కూడిక దేన్ని కొలుస్తోంది అన్నదే మనం అడగాల్సింది.

ఉండి_చెరువుగట్టు
తీగలో వచ్చేది ఏ కరెంటో ఎవరికి తెలుస్తుందండీ? బొగ్గుదీ సూర్యుడిదీ కలిసిపోయే వస్తాయి. కలిసిపోయాక నాది పచ్చ, నీది నలుపు అని ఎలా విడదీస్తారు? నాకిదంతా కాగితాల వ్యాపారంలాగే ఉంది.

లస్కరు_మనవడు
చెరువుగట్టు గారూ, మా తాత కాలువ లాకుల దగ్గర నీళ్ళు వదిలే లస్కరుగా చేశాడు. ఆయన లెక్కలో చెప్తాను. కాలువలో నీళ్ళ మీద ఎవరి పేరూ రాసుండదు. శబరి నీళ్ళు, ఇంద్రావతి నీళ్ళు, సీలేరు నీళ్ళు ధవళేశ్వరం చేరేసరికి అన్నీ ఒకటే. అయినా పైన ఎవరో వదిలితేనే తన చేలోకి తడి వస్తుందని శివారు రైతుకి తెలుసు. కరెంటూ అంతే. మన ఫ్యూజులోకి ఏ యూనిట్ వచ్చిందని వెతకడం దండగ. మన డబ్బు వల్ల పైన కొత్తగా నీళ్ళు కలిశాయా లేదా, అది అడగాలి.

ఇంకో సంగతి. ఏడాది మొత్తం కూడితే గోదావరి కింద మనకి నీటి ఎద్దడే ఉండకూడదు. వరదల్లో వేల టీఎంసీలు సముద్రంలోకి పోతాయి. అయినా దాళ్వా, అంటే రెండో పంట, వచ్చేసరికి వంతులు పెడతారు, సీలేరు నుంచి నీళ్ళు వదలమని అడుగుతారు. ఆగస్టులో పోయిన నీళ్ళు మార్చిలో పొట్ట మీదున్న పైరుకి అందవు కాబట్టే కదా. ఏడాది యూనిట్లన్నీ కూడి 660 కాగితాలు కొంటే సరిపోయిందనడం, ఆగస్టు వరదని చూపించి దాళ్వాకి నీళ్ళున్నాయనడమే. గోదారిగట్టు గారి అనుమానం నూరుపాళ్ళు నిజం. మధ్యాహ్నం పన్నెండింటి సోలార్ యూనిట్‌ని రాత్రి ఎనిమిదింటి ఫ్యాన్ పద్దులో రాస్తున్నారు.

పెనుగొండ_పిన్ని
ఇది మావారికి చదివి వినిపించాను. వంతు కోసం తెల్లవారుజామున లాంతరు పట్టుకుని కాలువ గట్టున కాపలా కాసిన మనిషి. మళ్ళీ ఒకసారి చదవమన్నారు.

ఐస్‌ప్లాంటు_గుమాస్తా
కాగితాల వ్యాపారం అని ఒక్క మాటలో తీసిపారేయకండి. నేను రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో అకౌంట్లు చూస్తాను. బ్లాస్ట్ ఫ్రీజర్లు, కోల్డ్ రూములు, ఐస్ ప్లాంటు కలిపి మాకు కరెంటే పెద్ద ఖర్చు. బయటి దేశాల కొనుగోలుదారులు ఇప్పుడు రొయ్య కౌంటుతో పాటు కరెంటు ఎక్కడినుంచి తెచ్చారని కూడా అడుగుతున్నారు. కొని వాడిన కరెంటు తాలూకు కార్బన్‌కి స్కోప్ 2 అని ఒక పద్దు ఉంటుంది. 2015లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం దాన్ని రెండు రకాలుగా చూపాలి. ఒకటి మన ప్రాంతపు గ్రిడ్ సగటుతో, రెండోది మనం చేసుకున్న కొనుగోలు ఒప్పందాలతో. సర్టిఫికెట్ లేకపోతే ఆ రెండో గడిలో రాయడానికి మా దగ్గర ఏమీ ఉండదు.

పైగా మన దేశంలో ఆర్‌ఈసీలు 2010 నుంచి ఉన్నాయి. కరెంటు అమ్మే పవర్ ఎక్స్ఛేంజిలో అమ్ముతారు, ఒకసారి లెక్కలో వాడాక మళ్ళీ వాడటానికి లేదు. ఎక్కువమంది కొంటే ధర పెరుగుతుంది, ధర పెరిగితే కొత్త ప్లాంటు పెట్టేవాడికి ఊతం. అది కూడా పైన నీళ్ళు కలపడమే.

లస్కరు_మనవడు
గుమాస్తా గారూ, ధర పెరిగితే మీ మాట నిజమే. కాని 2022 నిబంధనల తర్వాత సర్టిఫికెట్‌కి కనీస ధర తీసేశారు, అమ్ముడయ్యేదాకా చెల్లుబాటు కూడా ఇచ్చారు. ఎప్పుడో కట్టేసి అప్పు కూడా తీర్చేసుకున్న ప్లాంటు సర్టిఫికెట్ మీరు కొంటే ఆ ప్లాంటు కొత్తగా ఏం చేస్తుంది? నిన్న తిరిగినట్టే ఇవాళా తిరుగుతుంది. యూనిట్‌కి 35 పైసలు చూసి ఎవరైనా బ్యాంకుకి వెళ్ళి అప్పు తెచ్చి కొత్త ప్లాంటు కడతారా?

ఐస్‌ప్లాంటు_గుమాస్తా
కట్టరు. అది ఒప్పుకుంటాను. కాని ఏమీ కొననివాడి కంటే కొన్నవాడు నయం కదా అంటాను.

లస్కరు_మనవడు
నయమే. గేటు మీద నూటికి నూరు శాతం అని రాసుకుని మిగతా పనులన్నీ ఆపేయనంత వరకూ.

వకీలు_అమలాపురం
గోదారిగట్టు గారికి సర్టిఫికెట్ ఒక్కటే దారి కాదు. కేంద్రం 2022 జూన్‌లో గ్రీన్ ఎనర్జీ ఓపెన్ యాక్సెస్ నిబంధనలు తెచ్చింది. ఓపెన్ యాక్సెస్ అంటే బయటి ప్లాంటు దగ్గర నేరుగా కరెంటు కొనుక్కునే వీలు. అంతకుముందు ఒక మెగావాట్ ఉంటేగానీ బయటినుంచి కరెంటు కొనడానికి కుదిరేది కాదు. ఇప్పుడు 100 కిలోవాట్లు చాలు. ఒకే డివిజన్‌లో ఒకే యాజమాన్యం పేరున ఉన్న కనెక్షన్లు కలిపి 100 అయినా సరిపోతుంది. మీకు ఒక్క సర్వీసే 300 కేవీఏ కాబట్టి అర్హత గురించి టెన్షన్ అక్కర్లేదు.

మీ ముందు మూడు దారులున్నాయి.

సోలార్, విండ్ ప్లాంటువాళ్ళతో నేరుగా దీర్ఘకాల ఒప్పందం చేసుకోవచ్చు. కరెంటు మాత్రం మామూలు లైన్ల మీదే వస్తుంది. దానికి ట్రాన్స్‌మిషన్, వీలింగ్ ఛార్జీలు (లైన్లు వాడుకున్నందుకు), క్రాస్ సబ్సిడీ సర్‌ఛార్జి (తక్కువ రేటు వాళ్ళ భారం మోసే పెద్ద వినియోగదారు బయటికి వెళ్ళినందుకు) కట్టాలి. ఆ సర్‌ఛార్జి మీకు అనుమతి ఇచ్చిన ఏడాది ఉన్నదానికంటే 12 ఏళ్ళపాటు 50 శాతానికి మించి పెంచకూడదని నిబంధన ఉంది. ప్లాంటువాళ్ళు యూనిట్ ధర ఒక్కటే చెప్తారు, ఇవన్నీ కలిపాక ఎంతవుతుందో మీ చేత్తో లెక్క కట్టుకోండి.

గ్రూప్ క్యాప్టివ్ రెండోది. వాడుకునేవాళ్ళంతా కలిసి ప్లాంటులో కనీసం 26 శాతం వాటా పెట్టాలి, ఉత్పత్తిలో కనీసం 51 శాతం వాళ్ళే వాడుకోవాలి. క్యాప్టివ్‌కి క్రాస్ సబ్సిడీ సర్‌ఛార్జి ఉండదు. నాలుగు కాలేజీలు, రెండు రైస్ మిల్లులు, గుమాస్తా గారి ప్లాంటు కలిస్తే ఆలోచించదగ్గ విషయమే.

ఏ గొడవా వద్దనుకుంటే డిస్కంనే గ్రీన్ పవర్ ఇవ్వమని అడగొచ్చు. ఆ టారిఫ్ రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయిస్తుంది. మహారాష్ట్రలో 2021లో మామూలు టారిఫ్ మీద యూనిట్‌కి 66 పైసలు అదనంగా పెట్టారు. మన దగ్గర ఎంతో తాజా టారిఫ్ ఆర్డర్ తెరిచి చూసుకోండి, ఏజెంటు నోటిమాట మీద వెళ్ళకండి.

లెక్కల_టీచరమ్మ
ఆ 66 పైసలే మీకూ పడితే నెలకు 36 వేల 300, ఏడాదికి 4 లక్షల 35 వేల పైన. ఏజెంటు చెప్పినదానికి దాదాపు రెట్టింపు. పోల్చుకోవడానికి చెప్తున్నాను.

సోలార్_మేస్త్రి
ఇన్ని మాటలయ్యాయి, ఇంకా డాబా సంగతి రాలేదు.

గోదారిగట్టు72
క్షమించండి మేస్త్రి గారూ. మెయిన్ బ్లాకు, రెండు హాస్టళ్ళు కలిపి 14 వేల చదరపు అడుగుల డాబా. ట్యాంకులు, లిఫ్టు గదులు, కొబ్బరిచెట్ల నీడ తీసేస్తే 10 వేలు దక్కుతుంది.

సోలార్_మేస్త్రి
అయితే 100 కిలోవాట్లు కూర్చుంటుంది. కిలోవాట్‌కి రోజుకి సగటున 4 యూనిట్లు వేసుకోండి. వానాకాలం తగ్గుతుంది, మార్చి, ఏప్రిల్‌లో పెరుగుతుంది. నెలకు 12 వేల యూనిట్లు. మీ వాడకంలో ఐదో వంతు పైన. మిగతాది బయటినుంచి కొనుక్కోవాల్సిందే, ఎంత మంచి ప్యానెల్ వేసినా డాబా సాగదు.

ఇక్కడ ప్యానెల్ కంటే ముందు చూడాల్సింది బోల్టు. అంతర్వేది పక్కన ఒక ఇంటికి రిపేరుకి వెళ్ళాను. పెట్టి మూడేళ్ళే. ప్యానెల్ అద్దంలా మెరుస్తోంది. కింద క్లాంపు బిగించిన నట్టు మీద స్పానర్ పెడితే నట్టు తిరగలేదు, పొరలు పొరలుగా రాలి చేతిలోకి వచ్చింది, తడిసిన అప్పడంలాగ. ఉప్పుగాలి. ప్యానెల్‌ని పట్టుకుని ఉన్నది దాని బరువు తప్ప ఇంకేమీ కాదు. మొంథా లాంటి తుపాను అప్పుడు వచ్చి ఉంటే అది పక్కింటి పెంకుల మీదకి ఎగిరేది. సముద్రానికి మీరు కొంచెం ఎడంగా ఉన్నా సరే, కొటేషన్‌లో స్టీలు గ్రేడు, హాట్ డిప్ గాల్వనైజింగ్ మందం, గాలివేగం డిజైను రాయించుకోకుండా సంతకం పెట్టకండి.

లైన్‌మేన్_కొడుకు
తుపాను మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. గ్రిడ్‌కి కలిపిన సోలార్, లైన్లో కరెంటు పోతే ఆగిపోతుంది. మొంథా అప్పుడు మా వీధిలో ఒకాయన డాబా మీద 5 కిలోవాట్లు పెట్టుకుని కూడా చీకట్లో కూర్చుని, మోసపోయానని బాధపడ్డాడు. అది మోసం కాదు. స్తంభం మీద మా నాన్న లాంటివాడు తీగ ముడేస్తుంటే మీ డాబా మీంచి కరెంటు లైన్లోకి రాకూడదని ఇన్వర్టర్ తనంతట తానే ఆపేసుకుంటుంది. కరెంటు లేనప్పుడూ కావాలంటే బ్యాటరీ, దానికి తగ్గ హైబ్రిడ్ ఇన్వర్టర్ ఉండాలి. అమ్మేవాళ్ళు ముందే చెప్పాల్సిన సంగతి ఇది.

పెనుగొండ_పిన్ని
మా ఇంటి మీద 3 కిలోవాట్లు పెట్టించాం. కేంద్రం సూర్యఘర్ పథకంలో 78 వేల సబ్సిడీ వచ్చింది. ప్యానెల్స్ బిగించాక, గ్రిడ్‌కి ఇచ్చిందీ తీసుకున్నదీ లెక్కగట్టే నెట్ మీటర్ కోసం ఒక సంస్థ చుట్టూ నాలుగు నెలలు తిరిగాం, ఆ నాలుగు నెలలూ బాకీ కట్టాం తప్ప లాభం లేదు. మీటర్ వచ్చిన రోజు మాత్రం గుర్తుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక మావారు పిలిచారు. మీటర్ డిస్‌ప్లే మీద బాణం గుర్తు ఎప్పుడూ ఇంటి వైపు ఉండేది, ఆ రోజు బయటికి తిరిగి ఉంది. ఇద్దరం నా చీర కొంగు ఎండకి అడ్డం పెట్టుకుని పది నిమిషాలు ఆ బాణాన్నే చూశాం.

ఒక మాట అడగాలి. మా అమ్మాయి రాజమండ్రిలో అపార్ట్‌మెంట్‌లో ఉంటుంది. 48 ఫ్లాట్లు, డాబా ఒక్కటే. వాళ్ళేం చేయాలి?

వకీలు_అమలాపురం
పిన్ని గారూ, అదే సూర్యఘర్ పథకంలో హౌసింగ్ సొసైటీల ఉమ్మడి అవసరాలకు, అంటే లిఫ్టు, మోటార్లు, మెట్ల లైట్లు, బండ్ల ఛార్జింగుకి కిలోవాట్‌కి 18 వేలు సబ్సిడీ ఉంది. అసోసియేషన్ తీర్మానం పుస్తకంలో రాసి సంతకాలు పెట్టించుకోమనండి. ఫ్లాట్లవాళ్ళు కూడా పంచుకోవాలంటే వర్చువల్ నెట్ మీటరింగ్ అని పద్ధతి ఉంది. ఒకచోట ప్లాంటు, దాని యూనిట్లు అందరి బిల్లుల్లో వాటాల ప్రకారం తగ్గుతాయి. దరఖాస్తు ఎలాగో కరెంటు సెక్షన్ ఆఫీసులో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారిని అడగాలి.

కడియం_మొక్క
మా అపార్ట్‌మెంట్‌లో అది తీర్మానం దగ్గరే ఆగింది. పై ఫ్లోరు వాళ్ళు ఒడియాలు ఎక్కడ ఎండబెట్టుకోవాలని అడిగారు. చివరికి ప్యానెల్స్‌ని ఎనిమిది అడుగుల ఎత్తున స్టాండు మీద పెట్టి కింద ఒడియాలకి చోటు వదలడానికి ఒప్పందం కుదిరింది. నీడలో ఒడియాలు ఎలా ఎండుతాయో ఇంకా ఎవరూ అడగలేదు.

పూతరేకు
ఎండుతాయి, గాలి ఉంటే చాలు. :)

జేగురుపాడు_కుర్రాడు
చిన్నప్పటినుంచీ పవర్ ప్లాంట్ల మధ్య పెరిగినవాణ్ణి. విజ్జేశ్వరం, జేగురుపాడు, వేమగిరి, సామర్లకోట, రావులపాలెం పక్కన ఇంకోటి. మన గోదావరి జిల్లాల్లో అడుగడుక్కీ ఒక గ్యాస్ ప్లాంటు కట్టారు. మన కాళ్ళ కిందే గ్యాస్ ఉంది, ఇంకేం కావాలన్నారు. 2009లో సముద్రంలో కృష్ణా-గోదావరి బేసిన్ కేజీ డీ6 క్షేత్రం గ్యాస్ మొదలైనప్పుడు మా ఊళ్ళో పండగ చేసుకున్నంత పని చేశారు. నాలుగేళ్ళు తిరక్కుండానే గ్యాస్ పడిపోయింది, కోట్లు పోసి కట్టిన ప్లాంట్లు ఖాళీగా నిలబడ్డాయి. వాటి మీద బతికిన క్యాంటీన్లు, లారీలు, అద్దె గదులు అన్నీ మూతపడ్డాయి.

ఎందుకు చెప్తున్నానంటే, గ్యాస్ టర్బైన్‌కి ఉన్న గుణం సాయంత్రం డిమాండ్ పెరగగానే గబగబా అందుకోవడం. అది లేకపోయాక ఆ పని బొగ్గు మీద, సీలేరు జలవిద్యుత్ మీద పడింది. గోదారిగట్టు గారు అడిగిన రాత్రి ఎనిమిది గంటల ప్రశ్న మా ఊళ్ళో అందరికీ పాతదే.

ఉండి_చెరువుగట్టు
ఇప్పుడు నాకూ మాట్లాడాలనిపిస్తోంది. పైన కాగితాల వ్యాపారం అన్నది నేనే. లస్కరు గారి వంతుల లెక్క చదివాక నా చెరువు గుర్తొచ్చింది. పగలు చెరువులో నాచు ఎండకి ఆక్సిజన్ చేస్తుంది, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు అంతగా అక్కర్లేదు. పొద్దుగూకాక నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకోవడం మొదలుపెడుతుంది. రాత్రి రెండింటికి గట్టు మీద నిలబడి టార్చి వేస్తే రొయ్యల కళ్ళు ఎర్రగా నీటి అంచున కనపడతాయి. అంటే ఊపిరి అందట్లేదన్నమాట. ఆ గంటలో ఏరియేటర్ ఆగితే తెల్లారేసరికి పంట పోయినట్టే.

అంటే ఎండ ఉన్నప్పుడు నాకు కరెంటు అక్కర్లేదు, ఎండ లేనప్పుడే కావాలి. మా ఉండి, ఆకివీడు, భీమవరం చుట్టూ ఎన్ని వేల ఏరియేటర్లున్నాయో. మాకు సోలార్ సర్టిఫికెట్లు అంటగడితే ఏం లాభం?

లెక్కల_టీచరమ్మ
చెరువుగట్టు గారు చెప్పినదానికే ప్రపంచంలో పెద్ద చర్చ నడుస్తోంది. గూగుల్ 2017 నుంచి ఏడాది మొత్తం మీద తన వాడకానికి సమానంగా పునరుత్పాదక కరెంటు కొంటోంది. అయినా అది చాలదని 2020లో లక్ష్యం మార్చుకుంది. 2030కల్లా ప్రతి గంటా, అదే గ్రిడ్‌లో, కార్బన్ లేని కరెంటే వాడాలని. ఏడాది లెక్క నుంచి గంట లెక్కకి వచ్చారు. మన మాటలో చెప్పాలంటే వంతు లెక్కకి.

బిల్డింగుల విషయంలో ఢిల్లీ ఎయిర్‌పోర్టుని చూడండి. 2022 జూన్ నుంచి పూర్తిగా పునరుత్పాదక కరెంటు మీద నడుస్తోంది. అందులో ఎక్కువ భాగం హిమాచల్ జలవిద్యుత్, కొంచెం సొంత సోలార్. సొంత చోటు చాలక బయటినుంచి ఒప్పందం మీద తెచ్చుకున్నారు, అదీ రాత్రి కూడా తయారయ్యే రకం. కొచ్చిన్ ఎయిర్‌పోర్టు 2015లోనే వాడినంత సోలార్ సొంతంగా చేసింది. అది కూడా పగలు గ్రిడ్‌కి ఇచ్చి రాత్రి తీసుకునేదే.

వకీలు_అమలాపురం
టీచరమ్మ గారి మాటని ఒప్పందంలోకి తేవచ్చు. సోలార్ ఒక్కదానికి కాకుండా సోలార్, విండ్ కలిపిన హైబ్రిడ్ ప్లాంటుకి అడగండి. అనంతపురం వైపు జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి బాగా వీస్తుంది, సాయంత్రాలు, రాత్రుళ్ళు కూడా. మనకి ఇక్కడ మబ్బు పట్టి డాబా సోలార్ తగ్గే నెలలు అవే. నంద్యాల జిల్లా పిన్నాపురంలో పంప్డ్ స్టోరేజ్ కట్టారు. పగలు కరెంటుతో నీళ్ళు పై చెరువులోకి తోడి, సాయంత్రం కిందికి వదిలి మళ్ళీ కరెంటు తీస్తారు. ఇలాంటివాటితో కలిసొచ్చే కరెంటు ధర ఎక్కువ. మొత్తం కుదరకపోతే పావు వంతు అయినా అలా తీసుకోండి.

ఒప్పందంలో రెండు వాక్యాలు మరిచిపోకండి. ఒకటి, కరెంటుతో పాటు దాని గ్రీన్ లెక్క కూడా మీకే చెందుతుందని, అదే యూనిట్‌ని ఇంకొకరికి సర్టిఫికెట్‌గా అమ్మబోమని. రెండు, ప్లాంటు ఎప్పుడు మొదలైందో తేదీ. మీ సంతకం తర్వాత కట్టే ప్లాంటు అయితే లస్కరు గారు అన్న కొత్త నీళ్ళు అదే.

ఐస్‌ప్లాంటు_గుమాస్తా
గ్రూప్ క్యాప్టివ్ మాట మా యజమానితో అన్నాను. కాలేజీవాళ్ళు ముందుకొస్తే కూర్చుని మాట్లాడదామన్నారు. మా కోల్డ్ రూములు పగలు ఇంకొంచెం ఎక్కువ చల్లబరిచి పెట్టుకుంటే సాయంత్రం నాలుగు గంటలు కంప్రెసర్ తగ్గించొచ్చు. ఐస్ కూడా మధ్యాహ్నమే కట్టొచ్చు. మా హెచ్‌టీ (హై టెన్షన్) బిల్లులో సాయంత్రం ఆరు నుంచి పది పీక్ రేటు, అందుకని ఇప్పటికే కొంత అలా చేస్తున్నాం. అది బొగ్గు తగ్గించడం కూడా అవుతుందని ఇక్కడ చదివేదాకా తట్టలేదు.

లైన్‌మేన్_కొడుకు
భేష్. కేంద్రం 2023లో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల్లో కూడా అదే ఉంది. ఎండ ఉన్న గంటల్లో రేటు మామూలు కంటే కనీసం 20 శాతం తక్కువ పెట్టాలని.

గోదారిగట్టు72
మీరంతా గంట లెక్క అంటుంటే కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. నిన్న మా ఎలక్ట్రీషియన్‌తో కలిసి తెల్లవారుజాము ఐదు నుంచి రాత్రి పదకొండు దాకా గంటగంటకీ ప్యానెల్ బోర్డు మీటర్ చూసి రాసుకున్నాను. ఉదయం ఆరింటికి 130 కిలోవాట్లు, అన్నీ గీజర్లే. పదకొండింటికి 140, క్లాసులు, ల్యాబులు. మధ్యాహ్నం నాలుగింటికి 95కి పడిపోయింది. రాత్రి ఏడున్నరకి మళ్ళీ 125.

ఆ 125లో ఏముందని ఒక్కో స్విచ్చూ చూసుకుంటూ వెళ్ళాం. మంచినీళ్ళ చెరువు నుంచి ట్యాంకులకి ఎక్కించే పది హెచ్‌పీ మోటార్లు రెండు, 15 కిలోవాట్లు. వాచ్‌మన్ డ్యూటీకి ఎక్కగానే వెయ్యడం అలవాటట, పదేళ్ళుగా అలాగే నడుస్తోంది, ఎందుకని ఎవరూ అడగలేదు. వంటింట్లో రేపటి దోసెల పిండి కోసం రెండు పెద్ద గ్రైండర్లు, 3 కిలోవాట్లు. ఇవి రెండూ మధ్యాహ్నం రెండింటికి చేసుకోదగ్గ పనులే. నీళ్ళ సంగతి వాచ్‌మన్ వెంటనే ఒప్పుకున్నాడు. పిండి మధ్యాహ్నం రుబ్బితే ఎండాకాలం తెల్లారేసరికి పులిసిపోతుందని వంటమ్మగారు అన్నారు. ఆవిడ మాట సబబే. ఫ్రిజ్‌లో చోటు చూడాలి.

లెక్కల_టీచరమ్మ
ఫ్యాన్లు ఎన్ని? పాతవా?

గోదారిగట్టు72
హాస్టళ్ళలో 220. అన్నీ పాతవే, 75 వాట్లవి.

లెక్కల_టీచరమ్మ
బీఎల్‌డీసీ అని కొత్త రకం మోటార్ ఫ్యాన్ 30 వాట్లలో తిరుగుతుంది. ఫ్యాన్‌కి 45 వాట్లు మిగిలితే 220కి దాదాపు 10 కిలోవాట్లు, అదీ సరిగ్గా రాత్రిపూట. మోటార్లు, గ్రైండర్లు, ఫ్యాన్లు కలిపితే 125లో 28 పోయి 97 మిగిలింది. ఆ 28 కిలోవాట్లకి రాత్రి ఏ ప్లాంటు కరెంటూ కొనక్కర్లేదు.

సోలార్_మేస్త్రి
ఉదయం గీజర్ల సంగతి కూడా చూడండి. సోలార్ వాటర్ హీటర్లకి డాబా మీద ప్యానెల్‌తో పోటీ వస్తుంది కాబట్టి, గాలిలో వేడి లాగి నీళ్ళు కాచే హీట్ పంపు అడగండి. మధ్యాహ్నం నీళ్ళు కాచి ఇన్సులేషన్ ట్యాంకులో దాచుకోవచ్చు, తెల్లారికి వాడుకోవచ్చు.

ఉండి_చెరువుగట్టు
మాకూ ఏదైనా చెప్పండి టీచరమ్మ గారూ. రొయ్యకి మధ్యాహ్నమే ఊపిరి పీల్చి దాచుకోమని చెప్పలేం కదా.

లెక్కల_టీచరమ్మ
చెరువుకి నా దగ్గర సూటిగా జవాబు లేదండీ. ఆక్సిజన్ కొలిచే మీటర్ పెట్టుకుని, అవసరమైన గంటలోనే అవసరమైనన్ని ఏరియేటర్లు తిప్పితే కొంత తగ్గుతుంది. రాత్రి కరెంటు శుభ్రపడాలంటే మాత్రం గాలి, నీరు, బ్యాటరీ గ్రిడ్‌లోకి రావాలి. కాలేజీల్లాంటివాళ్ళు ఇప్పుడు ఆ రకం కరెంటుకి ఒప్పందాలు రాసుకుంటే మీ చెరువు దాకా వచ్చేది అదే.

గోదారిగట్టు72
శుక్రవారం మేనేజ్‌మెంటుకి ఇలా రాసి పంపుతున్నాను. ఏజెంటు అడిగిన 2 లక్షల 30 వేలు ఈ ఏడాది ఫ్యాన్లకి పెడదాం. చాలినన్ని మారుద్దాం, మిగతావి వచ్చే ఏడాది. డాబా మీద 100 కిలోవాట్లకి మూడు కొటేషన్లు పిలుద్దాం, మేస్త్రి గారు చెప్పిన బోల్టుల సంగతి అందులో రాయిద్దాం. మిగతా యూనిట్లకి కొత్తగా కట్టే సోలార్, విండ్ హైబ్రిడ్ ప్లాంటుతో ఓపెన్ యాక్సెస్, లేదా గుమాస్తా గారి వాళ్ళతో కలిసి గ్రూప్ క్యాప్టివ్, ఏది కుదిరితే అది. ఒప్పందం కుదిరేదాకా గేటు మీద ఏ బోర్డూ వద్దని కూడా రాశాను.

మోటార్లు మాత్రం ఎవరి అనుమతీ అడగలేదు. ఇవాళ మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి వేయించాను, మూడున్నరకి ట్యాంకులు నిండి పొర్లాయి.

సోలార్_మేస్త్రి
పొర్లకుండా ఫ్లోట్ స్విచ్ పెట్టించండి. నీళ్ళు పోతే కరెంటు పోయినట్టే.

ఐస్‌ప్లాంటు_గుమాస్తా
గోదారిగట్టు గారూ, సోమవారం పదకొండింటికి మా యజమాని ఖాళీ. మీ పన్నెండు నెలల హెచ్‌టీ బిల్లులు తెండి, మావీ పక్కన పెట్టి చూద్దాం.